నంబరు ఇచ్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు

(స్వయం సహాయక సంఘాలతో పనిచేసే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాల స్త్రీలు పచ్చళ్లు పెడుతున్నారు, చీరలు నేస్తున్నారు. అమ్మకానికి ఫోన్లలో సందేశాలు పంపుదామన్న ఆలోచన సహజమే. కానీ ఎవరి నంబర్లకు పంపుతాం? మన రిజిస్టర్లలో ఉన్నవాటికే కదా! వాటిలో కొన్ని, భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి సలహా కేంద్రానికి వచ్చిన స్త్రీలవి. ఆ ఇంట్లో ఆమె ఫోను ఆమె ఒక్కతే చూస్తుందన్న హామీ లేదు. మన సంస్థ పేరుతో వెళ్లిన దసరా తగ్గింపు కబురు, ఆమె ఎక్కడికి వెళ్లి వచ్చిందో ఇంటిల్లిపాదికీ చెప్పేస్తుంది. అందుకే ఇది హక్కుల సమస్య.

ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థ ముందుగా టెలికం కంపెనీ దగ్గర నమోదు కావాలి. సందేశం ఏ పేరుతో వెళ్తుందో, దాని నమూనా ఏమిటో కూడా నమోదు చేయించాలి. 1909 ద్వారా ప్రచారాలు వద్దన్నవారికి, వారి స్పష్టమైన సమ్మతి లేకుండా పంపకూడదు. 2025 సవరణ వచ్చాక, అలా వద్దని నమోదు చేసుకోనివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. నమోదు లేకుండా పంపి దొరికితే మొదటిసారి 15 రోజులపాటు బయటికి వెళ్లే కాల్స్, సందేశాలు ఆపేస్తారు. మళ్లీ జరిగితే ఏడాదిపాటు కనెక్షన్లన్నీ తీసేస్తారు. మన హెల్ప్‌లైను కూడా అందులోనే ఉంటే ఆపదలో ఉన్న స్త్రీ ఎవరికి ఫోను చేయాలి?

ఈ నిబంధనలు కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు సంబంధించినవి. వాట్సాప్‌లో పంపితే సరిపోతుందని అనుకోకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో ఫోన్ నంబరు వ్యక్తిగత సమాచారమే. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా, ఫలానా పనికని తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. తెలుగులో కావాలన్నవారికి తెలుగులోనే వివరించాలి.

మనకిది కొత్త మాటా? మథుర కేసులో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రతిఘటన లేకపోవడాన్నే సమ్మతిగా లెక్కగడితే, స్త్రీలు దేశమంతటా వీధుల్లోకి వచ్చారు. ఆ హింసకూ ఈ సందేశాలకూ సాటి లేదు. అయినా, నోరు మెదపనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్న సూత్రం మనదే.

కాబట్టి రెండు రిజిస్టర్లు పెట్టండి. కేసుల రిజిస్టరును అమ్మకాల కోసం ముట్టుకోకండి. కొనుగోలుదారుల రిజిస్టరులో ఏం పంపుతామో, ఎన్నాళ్లకొకసారి పంపుతామో చెప్పి, ఒప్పుకున్న తేదీ రాయండి. వద్దన్నవారి పేరు ఆ రోజే కొట్టేయండి. ఎందుకు వద్దని అడగకండి. కారణం చెప్పాల్సిన అవసరం ఆమెకు లేదు.