బాలల పరిశోధన

జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు 1993లో ఆరంభమైనది. 10 మొదలు 17 ఏండ్ల బాలబాలికలు జట్టుగా గూడి, తమ యూరి సమస్య నొకదానిని పరిశోధించి నివేదించుట దాని పద్ధతి.

2021లో నల్లతామర పురుగు గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలను మిక్కిలి పాడుచేసినది. పూవులలో దాగు ఆ పురుగును ఒకరు లెక్కింపగా, ఒకరు వ్రాయగా, వేరొకరు సరిచూచుట బాలలకు దగిన పరిశోధనయే గదా! ర్యాంకులకై యొంటరిగా పరుగిడు విద్యార్థికి ఈ కలిసి పనిచేయు నేర్పు అలవడదు.

కాని, బహుమతి కాశపడి పెద్దలే నమూనా చేసి పిల్లల చేతికిచ్చుట వంచన. ఒకరు నేర్పిన మాటలు వల్లించు సాక్షి యెదురుప్రశ్నకు నిలువడని వకీళ్లమగు మే మెఱుగుదుము. "ఈ లెక్క నెవరు చూచిరి?" అని పరీక్షకులు అడుగవలెను. బహుమతి రాకున్నను, చూచినది చూచినట్లు చెప్పు బాలలే దేశమునకు బలము.