ఎరువిచ్చిన బండి: యజమాని న్యాయబాధ్యత



విద్య, వివాహవ్యయము, విద్యార్థి వసతిగృహము మున్నగు విషయములను గూర్చి మన సభలలో తఱచుగా ముచ్చటించుకొనుచుందుము. నేటి నా యుపన్యాసవిషయము వానియంత గంభీరముగ మీకు దోపకపోవచ్చును. అయినను తరతరముల కష్టార్జితమైన యిల్లును, పొలమును ఒక్క సాయంకాలమున ప్రమాదమున బడగల మార్గమొకటి మన వాకిండ్లయందే యున్నది. అది మనము మొగమోటమిచే లైసెన్సు లేనివాని చేతికిచ్చు బండి తాళపుచెవి.

1970వ సంవత్సరమున మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండి విడివడి, పిమ్మట ప్రకాశమని పేరొందిన జిల్లాలో జేరినవి. నాడు మన గ్రామములలో మోటారు బండి యరుదు. నేడు మోటారు సైకిలు లేని యిల్లే యరుదు. కలిగినవారికి కార్లు, రైతులకు ట్రాక్టర్లు గలవు. గిద్దలూరు, కంభముల మీదుగ నొక జాతీయ రహదారియు, మార్కాపురము మీదుగ మఱియొకటియు బోవుచున్నవి. దోర్నాలనుండి శ్రీశైలమునకును, గిద్దలూరునుండి నంద్యాలకును బోవు నల్లమల ఘాట్ల మలుపులు ఆరితేఱిన డ్రైవర్లకే పరీక్ష. ఇట్టి బాటలపై అన్నకుమారుడో, బావమఱదియో "ఒక్క గంటలో వచ్చెద" నని యడిగినచో బండి లేదనుట మర్యాద కాదని మనము తలంచుచున్నాము. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు తెచ్చుకొన్నవానిని గూర్చి యన్నారు. మోటారు బండి విషయమున నా చేటు ఇచ్చినవానికిని దప్పదు.

ముందుగా చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము మూడవ విభాగము ప్రకారము లైసెన్సు లేనిదే యెవ్వరును బహిరంగస్థలమున బండి నడుపరాదు. అయిదవ విభాగము ప్రకారము అట్టివానిచే నడిపింపకుండుట యజమాని విధి. ఈ విధిని మీఱిన యజమానికి 180వ విభాగము క్రింద మూడు మాసములవఱకు ఖైదో, 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. నడిపినవానికి 181వ విభాగము క్రింద నట్టి శిక్షయే గలదు. బండికి భీమా లేనియెడల 196వ విభాగము క్రింద మూడు మాసములవఱకు ఖైదు, తొలి తప్పునకు 2,000, మరల చేసినచో 4,000 రూపాయల జుల్మానా గలవు. నడిపినవాడే కాక నడుపనిచ్చినవాడును ఈ శిక్షకు పాత్రుడే.

నేర్చుకొనువానికి చట్టము త్రోవ చూపకపోలేదు. అభ్యాసకుని లైసెన్సు ఆఱు మాసములు చెల్లును. 1989 నాటి కేంద్ర నిబంధనలలో మూడవది వానికి మూడు షరతులు విధించినది. ఆ లైసెన్సు చేతనుండవలెను. పూర్తి లైసెన్సు గల శిక్షకుడు, బండిని నిలుపుటకు వీలగునట్లు ప్రక్కన గూర్చుండవలెను. బండికి ముందును వెనుకను తెల్లని పలకపై ఎఱ్ఱని ఎల్ అక్షరము కనబడవలెను. ఆ పలక పదునెనిమిది సెంటీమీటర్ల చదరమునకు తగ్గరాదు. పలకలకు పేరొందిన మార్కాపురమునకు ఈ చిన్న పలక యొక భారమా?

ఇక భీమా సంగతి. ఇంగ్లండు దేశమున భీమాపత్రములో నడుపువాని పేరుండుట సాధారణము. పేరు లేని అభ్యాసకునకు బండి యిచ్చిన యజమానియు నచట నేరస్థుడే. అచ్చటికేగిన మన పిల్లలు దీని నెఱుగుదురు. మన దేశమున భీమా బండి ననుసరించి యుండును. అందుచేత "బండికి భీమా యున్నది, ఎవడు నడిపిన నేమి?" యను భ్రమ ప్రబలినది. భీమాపత్రము వెనుక చిన్న యక్షరములలో డ్రైవరును గూర్చిన నియమమొకటి గలదు. నడుపువానికి చెల్లుబాటగు లైసెన్సుండవలెననియు, అభ్యాసకుడైనచో పైన జెప్పిన మూడవ నిబంధనను పాటింపవలెననియు దాని తాత్పర్యము. ఈ నియమము దప్పినచో మీ కారు మరమ్మతు ఖర్చును కంపెనీ నిరాకరింపవచ్చును. అది చిన్న నష్టము; పెద్దది వేఱొకటి గలదు.

దెబ్బతిన్న పరుని కుటుంబము నష్టపరిహారము కోరినపుడు న్యాయస్థానము లేమనుచున్నవి? 1987లో స్కాండియా కంపెనీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు విచారించిన సంగతి యిది: లారీ డ్రైవరు ఇంజను ఆపక దిగిపోగా, లైసెన్సు లేని క్లీనరు దానిని నడిపి ప్రాణహాని కలిగించెను. యజమాని తన వంతు జాగ్రత్త తాను తీసికొనెను గావున కంపెనీయే చెల్లింపవలెనని తీర్పు వచ్చెను. పిమ్మట 2004 జనవరిలో స్వరణ్ సింగు వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ విషయమును విపులముగ నిర్ణయించెను. అభ్యాసకుని లైసెన్సు కూడ లైసెన్సే. అది యొక్కటే సాకుగా కంపెనీ పరునికి చెల్లింపకుండ తప్పించుకొనరాదు. లైసెన్సు లేదని చూపుట మాత్రము చాలదు, యజమాని యశ్రద్ధను సయితము కంపెనీయే నిరూపింపవలెను. అట్లు నిరూపించినచో, బాధితునకు ముందు కంపెనీచే సొమ్ము చెల్లింపజేసి, పిదప దానిని యజమానినుండి రాబట్టుకొనుమని న్యాయస్థానము ఆదేశింపవచ్చును.

ఆ రాబట్టుట యెట్టిదో వినుడు. కలెక్టరుగారికి ధ్రువపత్రము బోవును; ఆ సొమ్ము భూమిశిస్తు బకాయివలె వసూలగును. భూమిశిస్తు బకాయి యన నేమో ఈ సభలోని రైతులకు నేను వేఱుగ జెప్ప నక్కఱలేదు.

మొత్త మెంతయగునో లెక్క వేయుదము. ముప్పది యేండ్ల పలకల గనికూలి, నెలకు 15,000 రూపాయలు తెచ్చువాడు, భార్యను, ఇద్దఱు బిడ్డలను, తల్లిని విడిచి మరణించెననుకొందము. 2009 నాటి సరళావర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పుల ప్రకారము, ఏటి యాదాయము 1,80,000కు భవిష్యద్వృద్ధి క్రింద నూటికి నలువది చేర్పగా 2,52,000. అతని స్వంత ఖర్చు క్రింద నాల్గవవంతు తీసివేయగా 1,89,000. ఆ వయస్సునకు గుణకము పదునేడు. హెచ్చింపగా 32,13,000 రూపాయలు. అంత్యక్రియలు మున్నగువాని సొమ్మును, వడ్డీయు దీనికి అదనము. మన ప్రాంతమున నెందఱి పొలము లింత విలువ చేయును? భీమాయే లేనియెడల ముందుగా చెల్లించు కంపెనీయు నుండదు. యజమానికి ఆస్తి గలదా, అది పోవును. లేదా, ఆ విధవకును బిడ్డలకును దక్కునది తీర్పు కాగితమే. ఈ రెండింటిలో నేది యెక్కువ పాపమో మీరే యోచింపుడు.

బండి తీసికొన్నవాడే మరణించినచో నేమగును? 2009లో నింగమ్మ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, బండి నెరువు దెచ్చుకొన్నవాడు యజమాని స్థానమున నిలుచుననియు, తప్పు నిరూపింప నక్కఱలేని నాటి 163-ఏ విభాగము క్రింద వాని వారసులు పరిహార మడుగజాలరనియు నిర్ణయించెను. యజమానికై వ్రాసిన స్వంత ప్రమాద భీమా సాధారణముగ యజమానికే వర్తించును. అనగా మేనల్లునిపై ప్రేమతో నిచ్చిన బండి వాని తల్లిదండ్రులకు కొడుకునేగాక, కొడుకు పేర రాదగిన సొమ్మును సయితము లేకుండ జేయవచ్చును.

బాలుర విషయమున చట్టము మఱింత కఠినము. 2019 సవరణముచే వచ్చిన 199-ఏ విభాగము ప్రకారము బాలుడు నడిపి నేరము చేసినచో సంరక్షకునిగాని యజమానినిగాని దోషిగ నెంతురు. మూడేండ్లవఱకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువఱకు అభ్యాసకుని లైసెన్సు సయితము దొరకదు. తనకు తెలియదనియో, తగిన జాగ్రత్త తీసికొంటిననియో నిరూపించు భారము పెద్దలదే. పదునాలుగేండ్ల కుమారుడు కంభము చెఱువుకట్టవఱకు కారు నడిపెనని గర్వించు తండ్రులు దీనిని గమనింతురు గాక. ప్రాణహాని జరిగినచో 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ విభాగము క్రింద అశ్రద్ధచే మరణము కలిగించిన డ్రైవరునకు అయిదేండ్లవఱకు ఖైదు గలదు. పూర్వపు శిక్షాస్మృతిలో నది రెండేండ్లు.

"ఇట్లు బంధువుల లైసెన్సు లడిగినచో బంధుత్వము లేమి మిగులు" నని కొందఱనవచ్చును. అప్పిచ్చునపుడు పత్రము వ్రాయించుకొనుట మన పెద్దలు తప్పనలేదు. దానివలన బంధుత్వములు చెడలేదు, నిలిచినవి. లైసెన్సు చూపుమని యడుగుటయు నట్టిదే. పైగా లైసెన్సు చూచి, నడుపు నేర్పు నెఱిగి బండి యిచ్చిన యజమాని తగిన జాగ్రత్త తీసికొన్నవాడే యని 2003 నాటి లెహ్రూ తీర్పు చెప్పుచున్నది. ఒక్క నిమిషపు సంకోచము నోర్చుకొన్నచో ముప్పది లక్షల భారము తొలగును.

కావున ఈ మహాసభ నాలుగంశములను తీర్మానముగ నంగీకరింప గోరుచున్నాను. ఒకటి: లైసెన్సు కంట జూడనిదే ఎవ్వరికిని, ఎంత దగ్గఱివానికైనను బండి యియ్యరాదు. రెండు: పెండ్లియూరేగింపులలోను, తిరునాళ్లలోను బాలురచే బండ్లు నడిపింపరాదు. మూడు: ప్రతి గ్రామశాఖయు ఏటేట ఉగాదికి ముందు తన సభ్యుల భీమాపత్రముల గడువులను తనిఖీ చేసి, తీఱినవానిని క్రొత్తవి చేయించవలెను. నాలుగు: మన వసతిగృహ విద్యార్థులకు పదునెనిమిదేండ్లు నిండగనే అభ్యాసకుని లైసెన్సు తీయించి, పూర్తి లైసెన్సు గల మన డ్రైవరు సోదరులచే క్రమముగ నేర్పింపవలెను. నాల్గవది లేనిదే మొదటి మూడును నిలువవు. ఏలయన నేర్చుటకు సరియైన దారి లేనిచోట యువకుడు దొంగదారి పట్టును.

ఉన్నది యిచ్చుట మన కులమున కలంకారము. ఇచ్చుటకు ముందు విచారించుట దానికి రక్ష.