అల్లిక సంచికి జిప్ వద్దు

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో క్రోషియా లేసు అల్లే ఆడవాళ్ళు ఎందరో. మిషనరీల ద్వారా వచ్చిన ఆ పని ఇవాళ్టికీ ఎన్నో ఇళ్ళకు ఆధారం. తెల్ల నూలు మీద ఒక్క మరక పడినా రోజుల శ్రమ దండగే. అందుకే ఆ అల్లికను దాచే సంచి గురించి మాట్లాడదాం.

సంచి మూతికి జిప్ వద్దు. జిప్ పళ్ళలో దారం చిక్కుకుంటే, లాగేకొద్దీ పోగులు రేగిపోతాయి. నాడా వేయండి. దాన్ని కాస్త వదులుగా ఉంచితే దారపు ఉండ లోపలే దొర్లుతుంది, దారం మాత్రం చేతికి అందుతుంది.

సంచిని కూడా క్రోషియాతోనే అల్లుకుంటే ఎంత ముద్దుగా ఉంటుందో! కానీ అల్లికలో సందులుంటాయి. సూది జారిపోతుంది. లోపల గుడ్డ అస్తరు తప్పనిసరి. మళ్ళీ చెబుతున్నా: జిప్ వద్దు, అస్తరు మరవొద్దు.

ఇక వాసన. పోపు ఘాటును నూలు ఇట్టే పట్టేస్తుంది. వాసన ఆపే సంచులు కొన్నింటిలో యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉంటుంది. అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. దాని సన్నని రంధ్రాల్లో వాసన అణువులు అంటుకుపోతాయి. అల్లికకు అంత అక్కర్లేదు. వంటింటికి దూరంగా, పొడిగా ఉంచితే చాలు.

రంగు దారమైతే దాని చీటీని సంచిలోనే దాచండి. మళ్ళీ కొనేటప్పుడు అదే రంగు, అదే లాటు అడగొచ్చు.