పాత ఆటోమేటిక్ బండి, గేరు ఆయిల్ సంగతి



సర్వీసులో బండి సంగతి ఎం.టి. వాళ్లు చూసుకునేవారు, రిటైరయ్యాక ఆ బాధ్యత మన నెత్తినే పడింది. నా పాత హ్యుందాయ్ ఆటోమేటిక్‌కు ఎస్‌పి-3 ఆయిల్ పోయాలని మాన్యువల్‌లో ఉంది. ఓ వర్క్‌షాపులో కుర్రాడు "అన్నీ ఒకటే సార్" అని డెక్స్‌రాన్-3 పోసేశాడు. నేనూ తలూపాను, అబద్ధమెందుకు! కొన్ని వారాలకు ఘాట్ రోడ్డులో బండి వణకడం మొదలెట్టింది, పక్కన మా ఆవిడ. రెండూ ఎర్రగానే ఉంటాయండీ, కానీ లోపల క్లచ్ ప్లేట్లు పట్టుకునే తీరు వేరు. పైగా డెక్స్‌రాన్-3కి జనరల్ మోటార్స్ లైసెన్సులివ్వడం 2006తో ఆపేసింది. డబ్బా మీద ఆ పేరున్నా కంపెనీ హామీ లేదు.

ఒక్కసారి డ్రైన్ చేస్తే అంతా దిగదు, టార్క్ కన్వర్టర్‌లో కొంత మిగిలిపోతుంది. దిగింది కొలిచి, అంతే పోసి, కొన్నాళ్లు నడిపి మళ్లీ మార్చాలి. నాకు మూడో విడతకు గానీ వణుకు తగ్గలేదు. లెవెల్ చూసేది నా బండికైతే ఇంజను వేడెక్కి, నడుస్తుండగా, న్యూట్రల్‌లో. హోండాలకు ఇంజను ఆపి చూడాలి. ఆయిల్ నల్లబడి మాడు వాసనొస్తే ప్లేట్లు అరిగినట్టే, కొత్త ఆయిల్ వాటిని బాగుచెయ్యదు.

ఇప్పుడు ఆయిల్ నేనే కొని తీసుకెళ్తున్నా. ఖాళీ డబ్బాలు కూడా వెనక్కి తెచ్చుకుంటున్నా.