చేతి సెట్టులో మాట ఎవరి చెవిన పడుతుంది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో మన సభ్యులొకరు ఒక సందేహం వెలిబుచ్చారు. సిపాయిల చిన్న జట్టు తమలో తాము మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్లు కొన్నింటిలో మాటను సంకేతంగా మార్చే ఏర్పాటే ఉండదట, మరి శత్రువు వినడా అని. వింటాడండీ.

వియత్నాం యుద్ధంలో అమెరికన్ పదాతిదళం వీపున మోసిన పి.ఆర్.సి.-25 సెట్టులో మాట, పోస్టుకార్డు మీద రాసినట్లు బాహాటంగా పోయేది. 1969 డిసెంబరులో వారికి శత్రువుల స్థావరం ఒకటి చిక్కింది. అక్కడివారి పని అమెరికన్ల మాటలు వినడమే! ఇంగ్లీషులో, మాటకు మాట, చేతితో రాసిపెట్టిన కాగితాలు వెయ్యికి పైగా దొరికాయి. ఫలానా గంటకు బయలుదేరుతున్నాం అన్న మాట అవతలికి చేరితే పోయేది ప్రాణం.

మాటకు తాళం లేక కాదు. తరువాత వచ్చిన పి.ఆర్.సి.-77 సెట్టుకు కె.వై.-38 అనే సంకేత యంత్రం తగిలించవచ్చు. రెండూ కలిస్తే 20 కిలోల పైమాట. ఆ ఎండలో సిపాయి దానికి బదులు నీళ్ళు, తూటాలు మోయడమే మేలనుకున్నాడు. నేనైనా అంతే చేసేవాణ్ణి.

బ్రిటిష్ సైన్యం 2002 ప్రాంతంలో ఇచ్చిన పర్సనల్ రోల్ రేడియో బరువు కిలోన్నర, అందుబాటు 500 మీటర్లు. అందులోనూ సంకేత యంత్రం లేదు. "గోడ దాటుతున్నాను" అన్న మాటకు ఆయుష్షు అర నిమిషం. శత్రువు విని పైవాడికి చెప్పేలోగా గోడ దాటడం అయిపోతుంది. ఈ వాదన నాకు సబబుగానే తోస్తుంది. అయితే మనిషి అక్కడితో ఆగడు గదా! పేర్లు, రాత్రి బస, అన్నీ చెప్పేస్తాడు. కాన్ఫిడెన్షియల్ కవరుకు లక్కముద్ర వేసి, లోపలి సంగతి వరండాలో టీ తాగుతూ చెప్పుకోవడం మనమెరుగనిది కాదు.

500 మీటర్లన్నది తోటి సిపాయి సెట్టుకు హద్దు, తరంగానికి కాదు. గుట్టమీద మంచి ఏరియల్ పెట్టినవాడికి ఇంకా దూరం వినిపిస్తుంది. 2022లో ఉక్రెయిన్‌లో రష్యన్ సిపాయిలు బజారులో దొరికే చైనా చేతి సెట్లలో మాట్లాడుకుంటే ఉక్రెయిన్ సైన్యమే కాదు, సరదాకు రేడియో వినేవారూ విన్నారు.

తాళం వేసినా మరో చిక్కు ఉంది. మీట నొక్కగానే తరంగం పుడుతుంది. అది వచ్చే దిక్కును రెండుచోట్ల నుంచి కొలిస్తే మనిషి ఉన్న చోటు తెలిసిపోతుంది. ఆపైన ఫిరంగికి మాట అర్థం కానక్కరలేదు.