మానిన పది రోజుల తర్వాత



"మావాడికి మనసు గట్టిది కాదండీ, అందుకే మత్తు మానలేకపోతున్నాడు" అని తండ్రులు నాతో అంటుంటారు. ఆ మాట సరికాదని చెప్పడానికే వచ్చాను.

నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, నొప్పికి వాడే ట్రమడాల్ అన్నీ ఒకే కోవలోవి. వీటిని పట్టుకునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని 1973లో క్యాండెస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ చూపించారు. గసగసాల కాయలో కారే పాలకు మన మెదడులో చోటెందుకు? 1975లో స్కాట్లాండులో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పందుల మెదళ్ల నుంచి ఎన్‌కెఫలిన్లను వేరుచేసి జవాబిచ్చారు. అంటే, నొప్పిని తగ్గించే ఇలాంటి పదార్థం ఒంట్లోనే తయారవుతుంది. కాకపోతే కొద్దికొద్దిగా, అవసరమైనప్పుడే. హెరాయిన్ అలా ఆగదు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అదుపులో ఉంచే కణాలను అణిచేస్తుంది. దాంతో డోపమిన్ ఉప్పొంగి, ఇది మళ్లీ కావాలని మెదడు నేర్చేసుకుంటుంది.

అసలు కష్టం ఆ తర్వాత. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న భాగం నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనంతో మనల్ని మెలకువగా, అప్రమత్తంగా ఉంచుతుంది. మత్తు రోజూ దాన్ని తొక్కిపెడుతుంటే, ఆ కణాలు ఎదురు తిరిగి లోపల జోరు పెంచుకుంటాయి. పాత మోతాదు చాలకపోవడానికి ఇదొక కారణం. ఇక మందు ఆగిందా, ఆ జోరంతా బయటపడుతుంది. ఒకటే ఆవులింతలు, కళ్లూ ముక్కూ కారడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, రాత్రంతా కాళ్లు విదిలించడం. అప్పుడతను వెతుక్కునేది సుఖం కాదు, మామూలుగా ఉండగలగడం.

పది రోజులు ఎక్కడో ఉంచి "బాగుపడ్డాడు" అని తీసుకొస్తుంటే నాకు భయమేస్తుంది. ఒంటి బాధ తగ్గుతుంది, తహతహ పోదు. మందును తట్టుకునే శక్తి మాత్రం పోతుంది. పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

ఈ తహతహకు మందుంది. బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెడితే అవే గ్రాహకాలను గట్టిగా పట్టుకుని, పాక్షికంగానే పనిచేయిస్తుంది. తహతహ తగ్గుతుంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని, ఇదే చికిత్సకు వాడే మెథడోన్‌ను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడమేగా?" అంటారు. కాదమ్మా. మాత్ర వేసుకుని పనికెళ్లి, సాయంత్రం పిల్లలతో కూర్చుని అన్నం తినేవాణ్ని మత్తులో ఉన్నాడని ఎలా అంటాం? నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఎప్పుడు తగ్గించాలో డాక్టరూ అతనూ కలిసి తేల్చుకుంటారు. దయచేసి ఇంట్లోవాళ్లు ఆ మాత్రలు దాచేయకండి.