దవడ ఎముకలోకి పోయిందా?



నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నోటి క్యాన్సర్ రోగుల స్కానింగులు చదవడం నా పని. బీడీలు, తంబాకు, గుట్కా మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు కొత్తవి కావు. అందుకే ఇది మన ఊరి ముచ్చటే.

కింది చిగుళ్ల మీది పుండు క్యాన్సరని ముక్క పరీక్షలో తేలిందనుకోండి. వెంటనే సర్జన్ అడిగేది, ఎముకలోకి పోయిందా అని. పైపెంకును తాకి ఆగితే దవడ పై అంచు మాత్రం చెక్కి, కింది భాగం నిలుపుతారు. మూలుగలోకి దిగితే ఆ మేర దవడను పూర్తిగా తీసేసి, తరచుగా కాలి ఎముక తెచ్చి అతకాల్సి వస్తుంది. జబ్బు కూడా నాలుగో దశ లెక్కలోకి వెళుతుంది. తిండి, మాట, ముఖం అన్నీ ఆ ఒక్క జవాబు మీదే ఉంటాయి.

మొదట తీసేది ఓపీజీ, అంటే దవడంతా ఒకే ఫిల్ము మీద పడే ఎక్స్‌రే. ఖర్చు తక్కువ. కానీ ఎముకలో కాల్షియం దాదాపు మూడో వంతు పోతే గాని తేడా కనబడదు. గదుమ దగ్గర మెడ ఎముకల నీడ పడి మసకగా ఉంటుంది. అందులో ఎముక తిన్నట్టుంటే పట్టించుకోండి. ఏమీ లేదంటే మాత్రం ధీమా పడకండి.

సీటీలో పెంకు ఎక్కడ కొరికిందో బాగా తెలుస్తుంది. పళ్లకు లోహపు క్యాపులుంటే గీతలు పడి బొమ్మ చెడుతుంది. తీసేటప్పుడు సన్నాయి ఊదేవాళ్లలా బుగ్గలు పూరించమంటాం. నవ్వొస్తుంది గాని, చెంప, చిగురు విడిపోయి పుండు ఎక్కడ పుట్టిందో తేలుతుంది. కోన్ బీమ్ సీటీ ఎముకను సన్నగా చూపిస్తుంది, మామూలు సీటీకన్నా రేడియేషన్ కూడా తక్కువే. కండలో గడ్డ ఎంతుందో మాత్రం చెప్పలేదు.

ఎంఆర్ఐ మూలుగను చూస్తుంది. కొవ్వుతో తెల్లగా ఉండాల్సిన చోట నల్లబడితే అనుమానం. జబ్బును వదిలేయడం తక్కువ, అనవసరంగా అనుమానించడం ఎక్కువ. పుచ్చుపన్ను చీము, పన్ను పీకిన గాయం కూడా అలాగే కనబడతాయి. ఐసోటోపు ఎముక స్కానుదీ అదే గుణం. ఎంఆర్ఐలో మూలుగ శుభ్రంగా ఉంటే దవడ నిలపడానికి ధైర్యం వస్తుంది. మచ్చ ఉంటే సీటీ పక్కన పెట్టుకుని చదువుతాను. ఒక్క మచ్చను చూసి దవడ తీసేయమని నేను రాయను.

ఒక మాట మరచిపోవద్దు. మానని పుండు పక్కన పన్ను కదులుతోందని ముందే పీకించకండి. ఆ గుంత జబ్బుకు దారి కావచ్చు, స్కానును కూడా తికమక పెడుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పోయినా, మరెక్కడికి పోయినా పాత ఫిల్ములు, సీడీలు, ముక్క పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలు మేం మా కళ్లతో చూడాలి.